ఖగోళ గణకుడు కెప్లరు

ఆకాశమున గ్రహములు సంచరించు త్రోవ యెట్టిదో మొట్టమొదట సరిగా లెక్కించి చెప్పిన మహనీయుడు జోహాన్ కెప్లరు. ఆయన రాజు కాడు, ధనికుడు కాడు. జీవితమంతయు అంకెలతో గడపిన గణకుడు. గ్రామ లెక్కలు వ్రాయు వృత్తిలో నున్న నాకు ఆయన చరిత్రము చదువునపుడెల్ల ఒక సంగతి మనసునకు తట్టుచుండును. లెక్కలో మిగిలిన చిన్న తేడాను కప్పిపుచ్చక, దాని కారణమును వెదకుటయే ఆయన గొప్పతనమునకు మూలము.

కెప్లరు 1571 డిసెంబరు 27 వ తేదీన జర్మనీ దేశమందలి వైల్ డెర్ స్టాట్ అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి కూలికి యుద్ధములు చేయుచు ఇల్లు పట్టక తిరిగిన సైనికుడు. శైశవమున మశూచికము సోకి బాలుని కంటిచూపు మందగించెను. 1577 లో తల్లి కేథరీనా అతనిని ఎత్తైన చోటికి తోడ్కొనిపోయి తోకచుక్కను చూపెను. చుక్కలను స్పష్టముగా చూడజాలని ఆ బాలుడే పెరిగి గ్రహగతుల నియమములను కనుగొనుట మిక్కిలి విచిత్రము. అతడు ట్యూబింగెన్ విశ్వవిద్యాలయమున మెస్ట్లిన్ అను ఆచార్యుని యొద్ద, సూర్యుడే కేంద్రమను కోపర్నికసు సిద్ధాంతమును నేర్చెను. 1594 లో గ్రాజ్ నగరమున గణితోపాధ్యాయుడయ్యెను. 1600 లో మతభేదము కారణముగా ఆ నగరమును విడువవలసి వచ్చి, ప్రాగు నగర ప్రాంతమున నున్న టైకో బ్రాహీ యను ఖగోళజ్ఞుని యొద్ద చేరెను.

టైకో దూరదర్శిని పుట్టకమున్నే పెద్ద యంత్రములతో ఏండ్ల తరబడి గ్రహస్థానములను కొలిచి వ్రాసియుంచిన దిట్ట. 1601 లో ఆయన గతించగా, రెండవ రుడాల్ఫ్ చక్రవర్తి కెప్లరును ఆస్థాన గణితజ్ఞునిగా నియమించెను. టైకో వ్రాసిన కవిలెలు ఆయన చేతికి వచ్చెను.

అంతకు పూర్వము గ్రహగతులకు వృత్తములే ఆధారమని పండితులు నమ్మియుండిరి. మన సూర్యసిద్ధాంతమందలి మంద, శీఘ్ర సంస్కారములును వృత్తముల సాయముననే చెప్పబడినవి. కెప్లరును మొదట వృత్తమునే నమ్మి, అంగారకుని గతిని సాధించుటకై ఒకే లెక్కను డెబ్బది మారులైనను తిరుగవేసెను. తుదకు లెక్కకును టైకో కొలతకును నడుమ 8 కళల తేడా నిలిచెను. కళ యనగా అంశలో 60 వ భాగము. పూర్ణచంద్రబింబము సుమారు 30 కళల వెడల్పు గలది. అందులో నాలుగవ వంతు కంటె కొంచెము హెచ్చు మాత్రమే యీ తేడా. మరియొకరైనచో కొలతలో పొరపాటని యెంచి లెక్క ముగించెడివారు. టైకో కొలతలలో అంత తప్పు రాదని కెప్లరు ఎరుగును. కావున అనేక శతాబ్దముల నుండి వచ్చుచున్న వృత్తమును విడిచిపెట్టి మరల మొదలుపెట్టెను. గ్రహము దీర్ఘవృత్తమున తిరుగుననియు, సూర్యుడు దాని నాభులలో నొకదాని యందుండుననియు, సూర్యునకు చేరువైనపుడు గ్రహము వడిగాను, దూరమైనపుడు మెల్లగాను పోవుననియు 1609 లో ప్రకటించెను.

ఇంతటి విజయము వెనుక దుఃఖములు వరుసగా వచ్చెను. 1611 లో కుమారుడొకడు మశూచికముచే మరణించెను. కొలది మాసములకే భార్య బార్బరాయు గతించెను. మరుసటి యేడు ఆయన లింజ్ నగరమునకు పోయి ఉపాధ్యాయుడుగా నుండెను. 1615 లో తల్లిపై చేతబడి చేయుచున్నదను నింద మోపబడెను. 1620 లో డెబ్బది దాటిన యా వృద్ధురాలిని చెరలో పెట్టి గొలుసులు వేసిరి. కెప్లరు తన పని నాపి స్వదేశమునకు పోయి, ఒక్కొక్క ఆరోపణమును విడదీసి సమాధానము వ్రాసి వాదించెను. హింసాయంత్రములను చూపి బెదిరించినను ఆమె చేయని నేరమును ఒప్పుకొనలేదు. పదునాలుగు మాసముల చెర తీరి 1621 లో విడుదలయై, మరుసటి సంవత్సరమున కన్నుమూసెను.

ఈ కష్టముల నడుమనే 1618 లో ఆయన మూడవ నియమమును కనుగొనెను. సూర్యుని నుండి గ్రహమున కుండు దూరముయొక్క ఘనమును, ఆ గ్రహము ఒక చుట్టు తిరుగు కాలముయొక్క వర్గమును భూమి కొలతలలో వేసినచో సమానముగా వచ్చును. బృహస్పతి దూరము భూమి దూరమునకు 5.2 రెట్లు. దాని ఘనము సుమారు 140.6. బృహస్పతి చుట్టుకాలము 11.86 సంవత్సరములు. దాని వర్గము సుమారు 140.7. పలకా బలపము గల విద్యార్థి యెవడైనను సరిచూచుకొనవచ్చును.

1627 లో గ్రహగణితమునకు రుడాల్ఫ్ పేరిట పట్టికలు అచ్చువేయించెను. లోకమునకు ఇంత ఖచ్చితముగా లెక్క చెప్పినవానికి జీతము మాత్రము సరిగా ముట్టలేదు. రావలసిన బకాయికై 1630 లో రేగెన్స్‌బర్గ్ నగరమునకు పోయి, అక్కడ జబ్బుపడి నవంబరు 15 వ తేదీన మరణించెను. ముప్పది యేండ్ల యుద్ధములో ఆ శ్మశానము పాడై సమాధి జాడ తెలియకపోయెను.

ఆయన నియమములు మాత్రము నేటికిని పనిచేయుచున్నవి. 2009 లో ఆయన పేరిట అమెరికా వారు పంపిన దూరదర్శిని 2018 లో ఇంధనము తీరువరకు పనిచేసినది. గ్రహము అడ్డువచ్చినపుడు నక్షత్రకాంతి రవంత తగ్గుటను అది గుర్తించెను. ఆ తగ్గుదల యెన్నినాళ్ల కొకమారు వచ్చునో తెలిసినచో, మూడవ నియమముచే గ్రహదూరము తేలును. ఇట్లు ఇతర నక్షత్రముల చుట్టు 2,600 కు పైగా గ్రహములు బయటపడినవి. మన పాలపుంత నడుమ ఎస్ 2 అను నక్షత్రము 16 సంవత్సరముల కొకమారు దీర్ఘవృత్తమున తిరుగుచున్నది. దానినిబట్టియే అచ్చటి కృష్ణబిలము సుమారు 40 లక్షల సూర్యుల బరువని లెక్క కట్టిరి. ఆ దీర్ఘవృత్తమును చుట్టునకు సుమారు 12 కళల చొప్పున జరుగుచున్నట్లు 2020 లో తేల్చిరి. అది ఐన్‌స్టీను సిద్ధాంతమునకు సరిపోయెను. నాడు 8 కళలను విడువనివాని విద్యయే నేడు ఈ 12 కళలను పట్టుకొన్నది.

ఇరువదియైదేండ్లుగా మన యూరివారికి పుస్తకములను అందించుచున్న యీ గ్రంథాలయమునకు వచ్చు బాలబాలికలు ఇట్టివారి చరిత్రములను చదువుదురుగాక. తమ లెక్కలో తేడా వచ్చినచో తుడిచివేయక, మరియొకమారు చూతురుగాక.