కొలిచి చూపిన మేధావి గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్

విశ్వవిద్యాలయ పట్టా లేకుండానే నోబెల్ బహుమతి అందుకున్న ఇంజనీరు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్. ఆయన 1919 ఆగస్టు 28న ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌షైర్‌లో పుట్టారు. తండ్రి రైతు. అయిదుగురు పిల్లల్లో ఈయనే చివరివారు. బడిలో లెక్కలు, భౌతికశాస్త్రం తప్ప మిగతా పాఠాలు అంతగా ఎక్కలేదు. పొలంలోని యంత్రాలే ఆయనకు తొలి గురువులు. సొంతంగా గ్లైడర్ తయారు చేసుకుని గడ్డివాము మీదనుంచి దూకేవారు.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో వైమానిక దళంలో చేరి రాడార్ పని నేర్చుకున్నారు, ఇతరులకు నేర్పారు. ఆయన ప్రతిభ గమనించిన ఒక పై అధికారి చొరవతో చదువుకు ఆర్థిక సహాయం లభించింది. దానితోనే లండన్‌లోని ఫారడే హౌస్ కళాశాలలో డిప్లొమా పూర్తి చేశారు. స్కాలర్‌షిప్పుతో చదివే మనమంతా గుర్తుంచుకోవలసిన విషయమిది.

1951లో ఇ.ఎం.ఐ. కంపెనీలో చేరారు. మామూలు ఎక్స్‌రేలో ముందూ వెనుకా ఉన్న అవయవాలు కలిసిపోయి కనిపిస్తాయి. అన్ని వైపుల నుంచి కిరణాలు పంపి, ఆ కొలతలను కంప్యూటరుకు ఇస్తే శరీరాన్ని పొరలు పొరలుగా చూడవచ్చని 1967లో ఆయనకు తోచింది. మొదటి ప్రయోగంలో కొలతలకే 9 రోజులు పట్టింది. అయినా విసుగు చెందలేదు. 1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో తొలిసారి ఒక రోగి మెదడును స్కాన్ చేశారు. అదే సీటీ స్కాన్. 1979లో అలన్ కార్మాక్‌తో కలిసి నోబెల్ బహుమతి పొందారు. 2004 ఆగస్టు 12న కన్నుమూశారు.

సీటీలో సాంద్రతను కొలిచే ప్రమాణానికి ఆయన పేరే పెట్టారు. ఆ కొలతలో నీరు 0, గాలి మైనస్ 1000. కొవ్వు, నూనె నీటికంటే తక్కువ, అంటే మైనస్‌లో ఉంటాయి. ఈ చిన్న లెక్క ఒక అరుదైన జబ్బును పట్టిస్తుంది. నూనె పొరపాటున ఊపిరితిత్తుల్లోకి జారితే లిపాయిడ్ న్యుమోనియా వస్తుంది. నూనెకు దగ్గు సరిగా రాదు కాబట్టి లోపలికి పోయినట్టే తెలియదు. ఎక్స్‌రేలో అది మామూలు న్యుమోనియాలాగే కనబడుతుంది. సీటీలో ఆ మచ్చ మైనస్ 30 నుంచి మైనస్ 150 మధ్య చూపిస్తే వైద్యులు నూనెను అనుమానిస్తారు. అయితే నూనె వాడిన సంగతి ఇంటివాళ్ళు చెబితేనే ఆ అనుమానం బలపడుతుంది.

మన పల్లెల్లో పసిపిల్లలకు స్నానం చేయించేటప్పుడు ముక్కులో నూనె చుక్కలు వేసే అలవాటు ఉంది. మిత్రులారా! సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అది ప్రమాదమని అమ్మకూ నాయనమ్మకూ నచ్చజెప్పండి. స్కానింగు అవసరమే రాకుండా ఒక పసిప్రాణాన్ని కాపాడినవారవుతారు.