పంతులుగారి తర్వాత

1893లో బొంబాయిలో పుట్టిన అమృతాంజనం 13 దశాబ్దాలు దాటింది. తల పట్టేసిందంటే చాలు, "కాస్త అమృతాంజనం రాసుకో" అనే మాట ఇవాళ్టికీ తెలుగిళ్లలో వినిపిస్తుంది. ఈ శుభవేళ అందరం కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారిని తలుచుకుంటాం. తలుచుకోవలసిందే. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టి, ఊరుగాని ఊళ్లో మందు తయారుచేసి, సంగీత సభల్లో ఉచితంగా పంచి జనానికి అలవాటు చేశారని చెబుతారు. అయితే నా అభినందన ముందుగా ఆయన చేతుల మీదుగా ఆ వ్యాపారం అందుకున్నవారికి.

ఎందుకంటే వాళ్లు అందుకున్నది మామూలు ఆస్తి కాదు. అమృతాంజనం సంపాదించేది, పంతులుగారే స్థాపించిన ఆంధ్రపత్రిక ఖర్చుపెట్టేది. ఆ పత్రిక 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలై, 1914లో మద్రాసు చేరి దినపత్రిక అయింది. 1924లో సాహిత్య మాసపత్రిక భారతి వచ్చింది, ఆ వెనుకే ఆంధ్ర గ్రంథమాల. కొమర్రాజు లక్ష్మణరావుగారు మొదలుపెట్టి, ఆయన కన్నుమూశాక ఆగిపోయిన విజ్ఞాన సర్వస్వం పని కూడా పంతులుగారే తలకెత్తుకున్నారు. అడిగినవారికల్లా ఇచ్చిన చెయ్యి అది, విశ్వదాత అన్నది ఊరికే వచ్చిన బిరుదు కాదు. అలాంటి ఇంట్లో వారసుడికి లాభంతోపాటు బాధ్యతల చిట్టా కూడా వస్తుంది.

పంతులుగారు ముందుచూపుతో 1936లోనే అమృతాంజనాన్ని లిమిటెడ్ కంపెనీ చేశారు. రెండేళ్లకు, 1938లో వెళ్లిపోయారు. బరువు అల్లుడు శివలెంక శంభుప్రసాద్‌గారి మీద పడింది. మామగారు కట్టిన ఇంటిని అల్లుడు నిలబెట్టడం మన కుటుంబాల్లో తేలికైన విషయం కాదు, నలుగురి కళ్లూ ఆయన మీదే ఉంటాయి. మందు అమ్మకాలు చూసుకుని పత్రికను వదిలించుకుని ఉంటే లెక్కల ప్రకారం తప్పు పట్టేవారు కాదేమో. ఆయన ఆ దారి పట్టలేదు. 1972లో కన్నుమూసేదాకా దినపత్రికనూ, వారపత్రికనూ, భారతినీ నడిపించారు. తెలుగులో కథకులు, విమర్శకులు, పరిశోధకులు ఎందరో ఆ పుటల మీదే ఎదిగారు. ఈ 13 దశాబ్దాల చరిత్రలో నేను అన్నిటికంటే ఎక్కువగా గౌరవించేది ఆ మూడు దశాబ్దాల పైచిలుకు నిలకడనే.

తర్వాతి తరానికి కాలం కలిసిరాలేదు. 1991లో ఆంధ్రపత్రిక ఆగింది. బాధాకరమే, కానీ దాన్ని వారసుల లోపమని నేననను. ముద్రణ ఖర్చులూ పోటీ పెరిగిపోయాయి, ఎంత పెద్ద సంస్థయినా ఏటేటా నష్టాన్ని మోయలేదు. మందు మాత్రం చేతులు మారి పరాయిది కాలేదు. తాతగారి పేరే పెట్టుకున్న శంభుప్రసాద్‌గారు నేడు సంస్థకు చైర్మన్. పసుపుపచ్చ లేపనం పక్కన రోల్ఆన్‌లు, శానిటరీ నాప్కిన్లు, పానీయాలు చేరాయి. పాత సరుకునే నమ్ముకుని కూర్చోకుండా, దాన్ని వదలకుండా నడవడం చిన్న నేర్పు కాదు.

అమృతాంజన్ కుటుంబానికీ, అక్కడ పనిచేసే ప్రతి ఒక్కరికీ హృదయపూర్వక శుభాకాంక్షలు. తెలుగు పాఠకుడిగా ఒక్క విన్నపం. ఆంధ్రపత్రిక ఉగాది సంచికల కోసం ఒకప్పుడు ఇళ్లలో ఎదురుచూసేవారు. వచ్చే ఉగాదికి ఆ పేరుతో ఒక్క సంచిక మళ్లీ వేయండి.