ఊపిరికి కాపలా

పాతబస్తీ నుంచి నయాపూల్ దాటగానే అఫ్జల్‌గంజ్. నూరేళ్ల కిందటే అక్కడి ఆసుపత్రిలో ఓ పార్శీ మహిళ రోగులకు మత్తుమందు ఇచ్చేవారంటే ఆశ్చర్యమే కదూ! ఆమే డాక్టర్ రూపాబాయి ఫర్దూన్‌జీ. 1885లో మరో నలుగురు యువతులతో పాటు హైదరాబాదు మెడికల్ స్కూల్లో చేరి, 1889లో హకీం పట్టా అందుకున్నారు.

క్లోరోఫాం ఇచ్చేటప్పుడు నాడికన్నా ఊపిరి మీదే కన్నుండాలన్నది గురువు డాక్టర్ ఎడ్వర్డ్ లారీ పాఠం. మోతాదు మించితే మెదడుతో పాటు ఊపిరీ నిద్రపోతుంది. బాధ చెప్పుకోలేని ఆ మనిషి ప్రాణం పక్కనున్నవాళ్ల చూపులోనే ఉంటుంది.

1909లో ఎడింబరో వెళ్లి భౌతిక, రసాయన శాస్త్రాలు చదివొచ్చారు. చాదర్‌ఘాట్ ఆసుపత్రి సూపరింటెండెంట్‌గా 1920లో రిటైరయ్యారు.

తలకు దెబ్బ తగిలి స్పృహలేని మనిషి పక్కన రాత్రంతా మేలుకునే ఆడవాళ్లు ఊరికే కూర్చున్నట్టు కాదు. ఊపిరిని కనిపెట్టుకుని ఉండడమూ వైద్యమే.