మూసారాం దొర

యుద్ధవీరుల స్మారకాల మీద ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు అడిగారు. మా అంకాపూర్ పసుపు గురించో, ఎర్రజొన్న గురించో అయితే నాకన్నా బాగా చెప్పేవారు ఇంటికొకరున్నారు. అందుకని హైదరాబాదులో మా అబ్బాయి ఇంటికి పోయినప్పుడల్లా నేను చూసివచ్చే ఒక సమాధి గురించి రాస్తున్నాను.

మూసారాంబాగ్ అంటే ఎవరో రాముడి పేరని మనలో చాలామంది అనుకుంటారు. అది మాన్సియర్ రేమండ్ అనే ఫ్రెంచి సేనాని పేరు. జనం నోట పడి హిందువులకు మూసారాం, ముస్లిములకు మూసా రహీం అయ్యాడు.

రేమండ్ 1755లో ఫ్రాన్సులోని గాస్కనీ ప్రాంతంలో పుట్టాడు. 1775లో వ్యాపారం చేసుకుందామని పాండిచ్చేరి వచ్చి, చివరకు సిపాయి అయ్యాడు. మైసూరు కొలువులో ఉన్న ఫ్రెంచి దళంలో కొన్నాళ్లు, బుస్సీ దొర దగ్గర కొన్నాళ్లు పనిచేశాడు. 1785లో బుస్సీ పోయిన తర్వాత నిజాం అలీఖాన్ కొలువుకు వచ్చాడు. మొదట ఆయన చేతికింద ఉన్నది 300 మంది. పదేళ్లు తిరిగేసరికి అది పద్నాలుగు వేలకు చేరింది. ఇప్పటి గన్‌ఫౌండ్రీలో ఫిరంగులు పోత పోయించింది ఆయనే.

1795 మార్చిలో ఖర్డా దగ్గర మరాఠాలతో యుద్ధం వచ్చింది. ఇంగ్లీషువారు తమకు సంబంధం లేదని తప్పుకున్నారు. నిజాం ఓడిపోయాడు గాని రేమండ్ దళం మాత్రం నిలబడి పోరాడింది. అదే ఏడు నిజాం కొడుకు ఆలీజా తిరగబడితే పట్టుకు రావడానికి వెళ్లిందీ రేమండే. పట్టుబడిన ఆలీజా దారిలో విషం తాగి చనిపోయాడు. కనుక అంతా మంచే చేశాడని నేను అనను. పుచ్చుకున్న జీతానికి పని చేశాడు.

1798 మార్చి 25న రేమండ్ కన్నుమూశాడు. నలభై మూడేళ్లు కూడా నిండలేదు. విషప్రయోగమన్నవారున్నారు, ఆత్మహత్య అన్నవారున్నారు.

ఆ సెప్టెంబరు 1న నిజాం ఇంగ్లీషువారితో ఒప్పందం చేసుకున్నాడు. ఫ్రెంచి దళాన్ని రద్దు చేయాలన్నది అందులో షరతు. అక్టోబరులో సిపాయిలు బాకీపడ్డ జీతాల కోసం తిరగబడి, రేమండ్ తర్వాత వచ్చిన పిరాన్‌ను, తక్కిన ఫ్రెంచి అధికారులను నిర్బంధించారు. ఆ గొడవలోనే ఇంగ్లీషు పటాలాలు చుట్టుముట్టాయి. అక్టోబరు 22న అంత పెద్ద సైన్యం పోరాటం లేకుండా ఆయుధాలు కింద పెట్టింది. సర్వీసంతా జీతాల బిల్లులు రాసినవాణ్ణి గనుక ఫిరంగుల కన్నా ఈ బాకీల సంగతే నాకు ఎక్కువ గుర్తుండిపోయింది.

సమాధి అస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉంది. సుమారు ఏడు మీటర్ల నల్లరాతి స్తంభం, దాని మీద జె.ఆర్. అని రెండక్షరాలు. పక్కనున్న స్తంభాల మంటపం ఈ శతాబ్దం మొదట్లో కూలిపోతే మళ్లీ కట్టారు. 1940ల దాకా వర్ధంతినాడు జనం ఉర్సులాగా వచ్చి దీపాలు, అగరొత్తులు వెలిగించేవారట. నిజాం తరఫున ఒక చుట్టల పెట్టె, ఒక బీరు సీసా వచ్చేవని కూడా చెబుతారు! దొరగారి అలవాట్లు ఎవరో గుర్తుపెట్టుకున్నట్టున్నారు.

ఖర్డాలో ఆయన వెంట నిలబడ్డ సిపాయిల పేర్లు మాత్రం అక్కడ ఒక్కటీ కనబడవు. బాకీ జీతం అడిగినవాళ్ల పేర్లూ లేవు.

మెట్రోలో మూసారాంబాగ్ స్టేషన్‌లో దిగి ఆటో చేసుకుంటే దగ్గరే. గుట్ట ఎక్కాలి, మోకాళ్ల నొప్పులున్నవారు మనవణ్ణో మనవరాలినో తోడు తీసుకుపోండి.