కాకతి రుద్రమదేవి

మన దివిసీమకును ఓరుగల్లు అంతఃపురమునకును పూర్వమొక సంబంధము కలదు. అది కత్తితో మొదలై పెండ్లితో ముగిసినది. క్రీ. శ. 1201 ప్రాంతమున కాకతి గణపతిదేవుని సేనాని మల్యాల చౌండుడు దివిపై దండెత్తి కొల్లగొట్టి, దివిచూరకారుడను బిరుదు ధరించెను. చూరకారుడనగా దోచుకొన్నవాడు. గణపతిదేవుడు మాత్రము దోపిడితో తృప్తిపడలేదు. దివి నేలిన అయ్య వంశపు ఆడపడుచులు నారమ్మ, పేరమ్మలను తాను వివాహమాడెను. వారి సోదరుడు జాయపను చేరదీసి గజసాహిణిని, అనగా ఏనుగుల దళమునకు అధిపతిని చేసెను. నృత్తరత్నావళి రచించిన జాయప సేనాని ఇతడే.

ఓడిన యింటితో వియ్యమందుట గణపతిదేవుని రాజనీతి. తన కుమార్తె గణపాంబను ధరణికోట నేలిన కోట బేతరాజునకు ఇచ్చెను. మరియొక కుమార్తె రుద్రమను నిడదవోలు చాళుక్య వీరభద్రునకు ఇచ్చెను. రెండు రాజ్యములను కలుపు ముడిగా ఉండుటయే ఆనాటి రాచకన్యకు విధించిన పని. అట్టి ముడిగా ఉండవలసిన కూతురు సింహాసనమెక్కుటయే రుద్రమదేవి కథ.

గణపతిదేవునకు పట్టమునకు తగిన కుమారుడు లేకపోయెను. 1260 ప్రాంతము నుండి ఆయన రుద్రమను తనతోపాటు రాజ్యమేలునట్లు చేసెను. ఆమెకు రుద్రదేవ మహారాజను పురుషనామమును పెట్టెను. శాసనములలో పెక్కింట ఆమె మహారాజే కాని మహారాణి కాదు. ఆ పేరు వెనుక ఎంత జాగ్రత్త యున్నదో ఇతర దేశముల చరిత్ర చూచినచో తెలియును. చీనా దేశమున వూ జెతియన్ అను రాణి కన్నకుమారులను తొలగించి 690లో తానే చక్రవర్తి నని ప్రకటించుకొనెను. 705లో అంతఃపుర కుట్ర ఆమెను దించివేసెను. ఢిల్లీలో రజియా 1236లో గద్దె నెక్కి నాలుగేండ్లలోనే ప్రభువుల తిరుగుబాటునకు బలియయ్యెను. రుద్రమ ముప్పదియేండ్లు నిలిచెను.

ఆ నిలుచుట సుఖముగా జరుగలేదు. గణపతిదేవునకు ఇతర భార్యలయందు పుట్టిన హరిహర, మురారులను సోదరులు తిరుగబడి ఓరుగల్లు నాక్రమించిరనియు, ఆమె వారిని అణచెననియు ప్రతాపచరిత్రము చెప్పుచున్నది. ఆ గ్రంథము తరువాతి కాలమునది. ఆ సోదరుల పేళ్లు శాసనములలో కానరావు గనుక చరిత్రకారులు సందేహింతురు. సోదరుల సంగతి యెట్లున్నను, తిరుగుబాటు మాత్రము కట్టుకథ కాదని నా యభిప్రాయము. ఆమె పక్షమున నిలిచిన రేచెర్ల ప్రసాదిత్యునకు కాకతీయరాజ్యస్థాపనాచార్యుడను బిరుదు కలదు. కదలని రాజ్యమును మరల స్థాపించు నవసరమేమి?

ఇంటిలోనివారును, ఆడుదాని ముందు తల వంచుటకు మనసొప్పని పాత సామంతులును ఎదురు తిరిగినపుడు ఆమె యెవరిని నమ్మవలెను? వంశగౌరవము లేకున్నను విశ్వాసముగల బంట్లను నమ్మెను. వారికి గ్రామములను నాయంకరముగా ఇచ్చి, అందులకు బదులు సైన్యమును పోషించు బాధ్యత మోపిరి. మనుమడు ప్రతాపరుద్రుని కాలమున బలపడిన నాయకుల వ్యవస్థకు బీజమిదియే. గ్రంథాలయములలో అడవి బాపిరాజు గోన గన్నారెడ్డిని, నోరి నరసింహశాస్త్రి రుద్రమదేవిని చదివినవారికి ఆమె చుట్టు కత్తులు దూయు వీరులు కన్నులకు కట్టుదురు. నవలలకు కల్పన యుండును. కాని అంతఃపురములో ఎవనిని నమ్మవలెనను ప్రశ్న కల్పన కాదు.

బయటి శత్రువులకును కొదువలేదు. 1263 ప్రాంతమున నెల్లూరి దగ్గర ముత్తుకూరు యుద్ధమున పాండ్యుల చేతిలో గణపతిదేవుడు ఘోరముగా ఓడిపోయెను. పిమ్మట దేవగిరి యాదవ మహాదేవుడు వచ్చిపడెను. ఈ యుద్ధమును గూర్చి రెండు ఆస్థానములలో రెండు కథలు పుట్టినవి. స్త్రీని చంపుట ధర్మము కాదని మహాదేవుడు రుద్రమను విడిచిపెట్టెనని ఆయన మంత్రి హేమాద్రి వ్రాసెను. మహాదేవుడే ఓడి పారిపోయెనని, ఆమె వెంటాడి ధనము పుచ్చుకొనెనని మన ప్రతాపచరిత్రము వ్రాసెను. యాదవుల ఏలుబడిలోనిదైన బీదరు కోటలో రుద్రమ బిరుదములతో ఆమె సామంతుని శాసనము దొరకినది. ఇక ఎవరు ఎవరిని విడిచిపెట్టిరో చదువరులే ఊహించుకొందురు గాక. తండ్రి కట్టించిన ఓరుగల్లు రాతికోటను ఆమె ఎత్తు పెంచి, వెలుపల మట్టికోటయు అగడ్తయు నిర్మింపజేసెను.

ఈ కలతలన్నిటి నడుమ 1261లో వేయించిన మల్కాపుర శాసనము చదువదగినది. గురువైన విశ్వేశ్వర శంభువునకు తండ్రి ఇవ్వదలచిన మందడమును, దానితో వెలగపూడిని ఆమె ధారపోసెను. ఆ యాదాయముతో మఠము, విద్యార్థులు, అన్నసత్రమే కాక ప్రసూతిశాల, ఆరోగ్యశాల కూడ నడువవలెనని వ్రాయబడినది. మన సచివాలయము వెలసిన వెలగపూడియే అది. ఏడువందల యేండ్లకు పూర్వము కృష్ణ యొడ్డున కాన్పుల కొరకు ఒక శాల యుండుట చిన్న సంగతి కాదు.

కుబ్లయి ఖాను కొలువు నుండి తిరిగిపోవుచు వెనీసు వర్తకుడు మార్కో పోలో తెలుగుతీరమును గూర్చి వ్రాసెను. ఆమె న్యాయమును, ప్రజాభిమానమును మెచ్చుకొనెను. కాని ఆమె రాజునకు కూతురని యెరుగక, భార్య యనుకొనెను. స్త్రీ ఏలుచున్నదనిన, చనిపోయిన మగనికి బదులుగా కాబోలునని తలచుట సహజమే. విద్యానాథుని ప్రతాపరుద్రీయము ఆ భ్రాంతిని తీర్చినది.

అంత్యకాలపు దెబ్బ బయటివారిది కాదు. గణపతిదేవుడు పెంచి పెద్దచేసిన కాయస్థ వంశమున పుట్టిన అంబదేవుడు కడప సీమలలో స్వతంత్రుడై కాకతీయ నాయకులను ఒక్కొక్కరిని ఓడించుచు వచ్చెను. వృద్ధాప్యమున నున్న రుద్రమ సేనాని మల్లికార్జున నాయకునితో అతనిపై కదలెను. మల్లికార్జునుని సప్తాంగములను హరించితినని అంబదేవుడు తరువాత త్రిపురాంతక శాసనమున చెప్పుకొనెను. రాణి పేరు మాత్రము ఎత్తలేదు.

పాత చరిత్ర పుస్తకములు పెక్కింట ఆమె 1295 ప్రాంతము వరకు జీవించినట్లున్నది. నల్లగొండ ప్రాంతపు చందుపట్ల శాసనము బయటపడిన పిమ్మట ఆ తేది మారినది. 1289 నవంబరు 27వ తేదీ నాటి యా శాసనమున రుద్రమయు, మల్లికార్జున నాయకుడును శివలోకమునకు చేరిరని కలదు. దానిని వేయించినది రాజు కాదు, మంత్రి కాదు. మల్లికార్జునుని బంటు పువ్వుల ముమ్మడి యనువాడు, వారిరువురకు పుణ్యముగా దేవునికి కొంత భూమినిచ్చి, ఆ సంగతి రాతిపై చెక్కించెను.