ఎదురింటి కుర్రాడు: ఫ్రాన్స్వా త్రూఫో

హీరో ఒక అమ్మాయిని చూస్తాడు. వాళ్ళింటికి ఎదురుగానే రూమ్ అద్దెకి దిగుతాడు. అమ్మాయి అమ్మానాన్నలకి తెగ నచ్చేస్తాడు. తర్వాత డ్యూయెట్, ఆ తర్వాత పెళ్ళి. ఇలాంటి సినిమాలు మనం ఎన్ని చూశామో లెక్కే లేదు. ఇదే కథని 1962లో ఒక ఫ్రెంచ్ డైరెక్టర్ తీశాడు. కానీ చివర్లో ఆ అమ్మాయి ఇంకో అబ్బాయితో బయటికి వెళ్ళిపోతుంది. హీరో వాళ్ళ అమ్మానాన్నల పక్కన కూర్చుని టీవీ చూస్తాడు. అంతే, సినిమా అయిపోయింది!

ఆ డైరెక్టర్ ఫ్రాన్స్వా త్రూఫో. ఆ హీరో కూడా దాదాపు ఆయనే.

త్రూఫో 1932 ఫిబ్రవరి 6న పారిస్‌లో పుట్టాడు. అప్పటికి తల్లికి పెళ్ళి కాలేదు. తర్వాత ఆమెని పెళ్ళి చేసుకున్నాయన పిల్లాడికి తన ఇంటిపేరు ఇచ్చాడు. అయినా చిన్నప్పుడు అమ్మమ్మ దగ్గరే పెరిగాడు. ఆవిడ పోయాక తల్లి ఇంటికి వచ్చాడు గానీ, అక్కడ తనెవరికీ అక్కర్లేదనే అనిపించేది. అందుకే స్కూల్ ఎగ్గొట్టి సినిమా హాళ్ళలో దూరేవాడు. పద్నాలుగేళ్ళకే చదువు ఆపేశాడు.

పదహారేళ్ళకి సొంతంగా ఫిల్మ్ క్లబ్ పెట్టి అప్పులపాలయ్యాడు. క్లబ్ నడిపేవాళ్ళకి ఆ బాధ తెలుసు. మనకైతే మహా అయితే ఇంట్లో తిట్లు పడతాయి. త్రూఫోని మాత్రం ఇంట్లోవాళ్ళే పోలీసులకి అప్పగించారు, బాల నేరస్థులుండే చోట పెట్టారు. అక్కడినుంచి బయటికి తేవడానికి పూనుకున్నది ఆంద్రే బాజాన్ అనే సినిమా విమర్శకుడు. ఆయన చుట్టం కాదు, టీచరూ కాదు. ఈ కుర్రాడికి సినిమా అంటే ఎంత పిచ్చో చూశాడు, అంతే.

పద్దెనిమిదేళ్ళప్పుడు పారిస్ సినిమాథెక్‌లో ఒక అమ్మాయి పరిచయమైంది. త్రూఫో నిజంగానే ఆమె ఇంటి ఎదురుగా కాపురం పెట్టాడు. ఆమెకి అతను ఫ్రెండ్ మాత్రమే. గుండె పగిలి 1950 చివర్లో సైన్యంలో చేరాడు, తర్వాత పారిపోయాడు, మిలిటరీ జైల్లో పడ్డాడు. మళ్ళీ బాజానే వచ్చి విడిపించి, భార్యతో కలిసి తమ ఇంట్లోనే ఉంచుకుని, రాసే పనిలో పెట్టాడు.

అలా త్రూఫో విమర్శకుడయ్యాడు. పేరున్న డైరెక్టర్లని ఎంత కడిగేశాడంటే, 1958లో కాన్ ఉత్సవానికి రానివ్వలేదు. మరుసటి ఏడాది అదే కాన్‌లో ఉత్తమ దర్శకుడు! ఆ సినిమా 'ది 400 బ్లోస్'. అంత్వాన్ అనే పిల్లాడి కథ, అంటే తన బాల్యమే. అది చూడ్డానికి బాజాన్ లేడు. షూటింగ్ మొదలైనప్పుడే నలభై ఏళ్ళకి చనిపోయాడు. సినిమాని ఆయనకే అంకితమిచ్చాడు.

ఇక 1962. 'లవ్ ఎట్ ట్వంటీ' అని ఐదు దేశాల నుంచి ఐదుగురు దర్శకులు తీసిన ఐదు చిన్న కథల సినిమా. పోలండ్ నుంచి వైదా, జపాన్ నుంచి ఇషిహారా కూడా ఉన్నారు. త్రూఫో వంతు అరగంట. సినిమాథెక్‌ని సంగీత కచేరీగా మార్చి, అదే అంత్వాన్‌తో తన ఓటమిని కామెడీగా తీశాడు. కొలెట్ అనే ఆ అమ్మాయిని ఎక్కడా విలన్ చెయ్యలేదు. ఇష్టం లేదంది, అది ఆమె ఇష్టం. నవ్వంతా అంత్వాన్ మీదే.

నాకిప్పుడు పంతొమ్మిది. రిజెక్ట్ చేసిన అమ్మాయిల్ని తిట్టే మీమ్స్ మన గ్రూపుల్లో రోజూ చూస్తాను, కొన్ని ఫార్వర్డ్ కూడా చేశాను. ఈ అరగంట చూశాక కొంచెం సిగ్గేసింది.

తర్వాత త్రూఫోకి ఆస్కార్ వచ్చింది, స్పీల్‌బర్గ్ సినిమాలో నటించాడు, హిచ్‌కాక్‌తో మాట్లాడి పెద్ద పుస్తకం చేశాడు. 1984 అక్టోబర్ 21న మెదడులో ట్యూమర్‌తో చనిపోయాడు. వయసు 52.

1979లో వచ్చిన చివరి అంత్వాన్ సినిమాలో కొలెట్ మళ్ళీ కనిపిస్తుంది, ఇప్పుడామె లాయరు. అంత్వాన్ తన జీవితం మీద నవల రాసుకుంటాడు. అందులో కొలెట్ వాళ్ళే తన ఇంటి ఎదురుకి వచ్చారని కోసేస్తాడు! ఆమె అది చదివి, వచ్చింది నువ్వే కదా అని పట్టేసుకుంటుంది. కథ చెప్పేది అబ్బాయే అయినా, తప్పు దిద్దే పని మాత్రం త్రూఫో ఆమెకే ఇచ్చాడు.