బేడెన్ పవెల్ ప్రభువు

జాడ పట్టి త్రోవ కనుగొనుట, చేతులతో నొక వస్తువును చేయుట, ఇంటివారితో కలిసి ప్రొద్దు పుచ్చుట - ఈ మూడింటిని లోకులు సెలవుదినముల వినోదములుగా మాత్రమే యెంచుదురు. పరీక్షలకు గాని బ్రతుకుతెరువునకు గాని వీనివలన ప్రయోజనము లేదని తలచువారును కలరు. ఈ మూడింటినే విద్యగా మార్చి, దేశదేశముల బాలబాలికలకు నేర్పినవాడు బేడెన్ పవెల్ ప్రభువు. ఆయన చరిత్రమును మా విద్యార్థుల కొరకు సంగ్రహముగా నిచట వ్రాయుచున్నాము.

రాబర్టు బేడెన్ పవెల్ 1857 వ సంవత్సరము ఫిబ్రవరి 22 వ తేదీన లండన్ నగరమున జన్మించెను. తండ్రి ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున క్షేత్రగణితాచార్యుడు. తల్లి హెన్రియెటా గ్రేస్. ఆమె తండ్రి మధ్యధరా సముద్రతీరములను కొలిచి పటములు వ్రాసిన నౌకాధిపతి. బాలునకు మూడేండ్ల ప్రాయమున, 1860 లో, తండ్రి మరణించెను. పసిబిడ్డలు పలువురు తల్లిమీద పడిరి. ఆమె ధైర్యము వీడలేదు. బిడ్డలను గదులలో మూసియుంచక, చెట్టును పుట్టను చూచి ప్రశ్నలడుగుటకు వారిని ప్రోత్సహించెను. పెద్దన్న వారింగ్టన్ నావికుడు. సెలవులు వచ్చినంతనే అన్నదమ్ములు చిన్న పడవయెక్కి తీరము వెంబడి తిరుగుచుండిరి. తండ్రి లేని యా యింటిలో ఒకరికొకరు గురువులైరి.

1870 లో రాబర్టు చార్టర్‌హౌస్ పాఠశాలయందు చేరెను. చదువులో మొదటివాడు కాడు. 1872 లో ఆ పాఠశాల లండన్ విడిచి గాడల్మింగ్ అను గ్రామప్రాంతమునకు తరలిపోయెను. పాఠశాల ప్రక్కనొక చిట్టడవి గలదు. విద్యార్థులు దానిలో అడుగిడరాదని కట్టడి. రాబర్టు అందు రహస్యముగా ప్రవేశించి, కుందేళ్ల జాడలు పట్టి, పొగ పైకి కనబడకుండ నిప్పు చేసి వండుకొనుట నేర్చెను. నియమోల్లంఘనమును మేము మెచ్చుకొనము. కాని ఆయన తరగతిలోకంటె ఎక్కువ ఆ చిట్టడవిలో నేర్చెననుట సత్యము. ఆయన కుడి యెడమ చేతులు రెంటితోను చిత్రములు వ్రాయగల నేర్పరి.

ఆక్స్‌ఫర్డులో ప్రవేశము దొరకక పోగా, 1876 లో సైన్యపు పరీక్ష వ్రాసి యుత్తీర్ణుడై, అశ్వదళాధికారిగా హిందూదేశమునకు వచ్చి లక్నోలో నుండెను. పిమ్మట ఆఫ్రికాలోను మధ్యధరా ప్రాంతములోను వేగువాడుగ పనిచేసెను. సీతాకోకచిలుకల కొరకు తిరుగు వెఱ్ఱివానివలె నటించుచు, ఆ చిలుకల రెక్కల గీతలలో శత్రువుల కోటగోడలను, ఫిరంగుల స్థానములను ఇమిడ్చి చిత్రించెనని తానే తరువాత గ్రంథమున తెలిపెను. 1896 లో మటాబెలె యుద్ధమున మటోపో కొండలలో రాత్రివేళ తిరుగుచు, అమెరికా దేశీయుడగు బర్న్‌హాం అను వేగువానియొద్ద అడవివిద్యను మరింత నేర్చెను. నలిగిన గడ్డి, చెదరిన యాకు, నక్షత్రముల తావు - ఇవియే ఆయనకు పుస్తకములు. తన సైనికులకు ఈ విద్య నేర్పుటకై వ్రాసిన చిన్న గ్రంథము 1899 లో వెలువడెను.

ఆ సంవత్సరముననే బోయర్ యుద్ధము సంభవించెను. దక్షిణాఫ్రికాలోని మాఫెకింగ్ పట్టణమును శత్రువులు ముట్టడింపగా, ఆయన 217 దినములు దానిని కాపాడెను. సిపాయిలు చాలకపోవుటచే పట్టణమునందలి బాలురు ఒక దళముగా నేర్పడి వార్తలు మోసిరి. బాలురను నమ్మి పని యొప్పగించినచో వారు దానిని నెరవేర్తురని అచట ఆయనకు దృఢమయ్యెను. ఆ విజయముచే ఆంగ్లదేశమున ఆయన పేరు మారుమ్రోగెను. కాని చరిత్రము వ్రాయునప్పుడు ఒక ప్రక్కనే చూపుట న్యాయము కాదు. ముట్టడిలో తెల్లవారికి లభించినపాటి యాహారము ఆఫ్రికా జాతులవారికి లభింపలేదు. పట్టణరక్షణమున వారును పాల్గొనిరి. వారిలో పెక్కుమంది యాకలిచే మరణించిరి. ఇందుకు తరువాతి చరిత్రకారులు ఆయనను తప్పు పట్టియున్నారు.

1903 లో స్వదేశమునకు తిరిగివచ్చిన పిదప ఒక వింతను కనుగొనెను. సిపాయిల కొరకు వ్రాసిన తన గ్రంథమును ఉపాధ్యాయులును బాలురును చదువుచుండిరి! యుద్ధమునకై కూర్చిన విద్యను శాంతికాలమునకు తగినట్లు మార్చవలయునని ఆయనకు తోచెను. తన బాల్యమున అదియంతయు ఆటయే కదా! 1907 ఆగష్టు నెలలో బ్రౌన్‌సీ ద్వీపమున సుమారు ఇరువదిమంది బాలురతో గుడారములు వేసెను. గొప్ప పాఠశాలల ధనికపుత్రులును, సమీప పట్టణముల సామాన్య కుటుంబముల బాలురును ఒకే గుడారములో పరుండి, ఒకే కుండలోని యన్నము తినిరి. గుడిసె కట్టుట, చాప అల్లుట, ముడులు వేయుట, నిప్పు చేయుట, వంట చేయుట, ఎరుగని నేలపై త్రోవ కనుగొనుట, పడవ నడపుట - ఇవి వారి పాఠములు. రాత్రి నెగడు చుట్టును కూర్చుండి కథలు వినుచుండిరి. ఆయన యన్న కుమారుడగు బాలుడొకడును ఆ శిబిరమున నుండెను.

1908 లో ఆయన బాలుర కొరకు వ్రాసిన గ్రంథము పక్షమునకొక భాగముగా వెలువడెను. బాలురు ఎవ్వరును పిలువకయే దళములుగా నేర్పడసాగిరి. 1909 లో జరిగిన పెద్ద సభకు బాలికలును వచ్చి తమకును చోటు కావలెననిరి. మరుసటి యేడు సోదరి ఆగ్నెస్ సాయముతో గైడ్ల సంఘమును స్థాపించెను. స్వీడన్ దేశమున బాలభట నాయకుడగు కిల్లాండర్, 1919 లో స్టాక్‌హోం సమీపమున పటము, దిక్సూచి చేతబట్టి అడవిలో త్రోవ కనుగొను పరుగుపందెమును పెద్ద యెత్తున జరిపెను. నేడు ఓరియెంటీరింగ్ అని పిలువబడు క్రీడ ఆ విధముగా వృద్ధి పొందెను.

హిందూదేశమున ఈ యుద్యమము 1909 లో ప్రారంభమైనను, తొలుత దేశీయ బాలురకు అందు ప్రవేశము లేకుండెను. ఆ యన్యాయమును సహింపక అనిబిసెంటమ్మ 1917 లో మద్రాసున వేరొక బాలభట సంఘమును నెలకొల్పెను. 1921 లో బేడెన్ పవెల్ ఈ దేశమునకు వచ్చినపుడు ఆ సంఘము ఆయన యుద్యమమున కలిసెను. త్రోవ చూపువాడే త్రోవకు అడ్డుగోడ కట్టరాదని ఈ వృత్తాంతము మనకు తెలుపుచున్నది. స్వాతంత్ర్యానంతరము 1950 నవంబరు 7 న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ సంఘమేర్పడెను.

ఆయన యేబదియైదవయేట, 1912 అక్టోబరు 30 న, ఓలేవ్ సోమ్స్ అను కన్యను వివాహమాడెను. ఆమె పుట్టినదినమును ఫిబ్రవరి 22 యే. పీటర్, హెదర్, బెట్టీ అను ముగ్గురు బిడ్డలు కలిగిరి. 1919 లో వారు హాంప్‌షైర్ పల్లెసీమలో పాక్స్ హిల్ అను గృహమున కాపురముండిరి. తండ్రి తెల్లవారకముందే లేచి వ్రాతపని ముగించుకొనుచుండెను. రంగులతో చిత్రములు వ్రాయుట, మట్టితో బొమ్మలు చేయుట ఆయనకు కడు ప్రీతి. దూరదేశ యాత్రలచే బిడ్డలను విడిచియుండవలసిన దినములును పెక్కు. పెరిగిన పిదప కుమార్తెలను యాత్రలకు వెంట గొనిపోయెను. తన లేఖలను సైతము బొమ్మలతో అలంకరించుట ఆయన యలవాటు.

1929 లో ఆయనకు ప్రభు బిరుదము లభించెను. 1938 లో ఆరోగ్యము క్షీణింపగా భార్యతో కెన్యాదేశమందలి న్యెరి యను ఊర చిన్న యింట చేరి, అచటి జంతువుల చిత్రములు వ్రాయుచు కాలము గడపి, 1941 జనవరి 8 న పరమపదించెను. ఆ సమాధిపై వృత్తమును, దాని నడుమ చుక్కయు చెక్కబడి యున్నవి. బాలభటుల జాడగుర్తులలో దానియర్థము ఇంటికి చేరితినని. 1977 లో ఆయన భార్య మరణింపగా, ఆమె చితాభస్మమును ఆయన చెంతనే ఉంచిరి.

విద్యార్థులారా! ఈ విద్యకు ధనము వలదు. ఈ సెలవులలో మీ యూరి చుట్టునుగల త్రోవల పటమును మీచేతులతో వ్రాయుడు. తమ్ములను చెల్లెండ్రను వెంటబెట్టుకొని ఆ పటము ననుసరించి నడువుడు. సాయంకాలము ఇల్లు చేరి, చూచినదానిని తల్లిదండ్రులకు చెప్పుడు. తెల్లవాడు, నల్లవాడు, ధనికుడు, దరిద్రుడు అను భేదము పాటింపక తోడివానిని కలుపుకొని నడుచువాడే నిజమైన బాలభటుడని మా యభిప్రాయము.